చీటీ లేనిదే చెరపని బోర్డు

కలువలపాలెంలో గుడివాడ బస్సూ బందరు బస్సూ ఒకేచోట ఆగుతాయి. ఎదురుగా చర్చి గేటు. గేటు పక్కన రెండు ఇనుప గొట్టాలకు బిగించిన నల్లబల్ల, ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు. బస్సు ఎన్నడూ వేళకు రాదు కనక నిలబడ్డవాళ్లంతా ఆ బల్ల చదువుతారు. ఆదివారం ఆరాధన ఎన్నింటికి, ఎవరి పెళ్లి ఎప్పుడు, ఎవరి మోకాళ్ల కోసం ప్రార్థన చెయ్యాలి, ఎవరికి మనవడు పుట్టాడు, అన్నీ అందులో ఉంటాయి. చర్చికి వెళ్లేవాళ్లే కాదు, వెళ్లనివాళ్లూ చదువుతారు. ఊళ్లో పేపరు చదవనివాళ్లున్నారు గాని జకరయ్య బోర్డు చదవనివాళ్లు లేరు.

జకరయ్యకు అరవై ఎనిమిదేళ్లు. పుట్టింది ఘంటసాల పక్క పల్లెలో. తండ్రి పాలేరు. మిషన్ హాస్టల్లో చదివి, పదో తరగతి తప్పి, కొన్నాళ్లకు కలువలపాలెం మిషన్ హైస్కూల్లో అటెండరుగా కుదురుకున్నాడు. గంట కొట్టడం, బల్లలు తుడవడం ఉద్యోగం. బల్ల తుడిచేవాడి చేతికి సుద్దముక్క దొరక్కపోదు. తేదీ, హాజరు, సెలవుల సంగతి రాయడానికి బద్ధకించిన మాస్టార్లు ఆ పని అతనికి అప్పజెప్పారు. పదేళ్లు తిరిగేసరికి బడిలో అందరికంటే మంచి దస్తూరీ అటెండరుది అయింది. పిల్లలు తగ్గిపోయి బడి మూతపడ్డప్పుడు తక్కినవాళ్లు కుర్చీలు, బీరువాలు అడిగారు. జకరయ్య ఎనిమిదో తరగతి నల్లబల్ల అడిగాడు. టేకు చెక్క. అదే ఇప్పుడు చర్చి గేటు దగ్గరుంది.

బోర్డు విషయంలో ఆయనకొక నియమం ఉంది. చీటీ ఉంటేనే రాస్తాడు, చీటీ ఉంటేనే చెరుపుతాడు. చీటీ మీద పేరు, వార్డు ఉండాలి. రాసిన ప్రతి చీటీనీ ఇంట్లో మేకుకు వేలాడే తీగకు గుచ్చుతాడు. ముప్పై ఏళ్ల చీటీలు, నాలుగు తీగలు. "ఆ కాగితాలకి పట్టిన బూజు దులపలేక చస్తున్నా, అవేమన్నా ఆస్తి పత్రాలా?" అంటుంది భార్య సీతమ్మ.

ఆస్తి పత్రాలు కావు. డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చినప్పుడు అతనికి ఇరవయ్యేళ్లు. మిషన్ వాళ్లతో దివిసీమ వెళ్లి సహాయ శిబిరంలో దొరికిన శవాల పేర్లు బోర్డు మీద రాసేవాడు. ఎవరో వచ్చి నోటితో ఒక పేరు చెప్పారు. రాశాడు. గంట తర్వాత ఆ మనిషి తల్లి చదివించుకుని అక్కడే కూలబడింది. మూడోరోజు ఆ మనిషి నడుచుకుంటూ వచ్చాడు. తల్లి మాత్రం మళ్లీ మామూలు మనిషి కాలేదు. అప్పట్నుంచీ జకరయ్య చెవితో విన్నది బోర్డెక్కించలేదు.

నియమంలో ఇంకో ముక్క ఉంది. చీటీలో ఉన్నది ఉన్నట్టు, ఒక్క అక్షరం వదలకుండా, దిద్దకుండా రాస్తాడు. పాస్టరు జీవన్ కుమార్ గారు కొత్తగా వచ్చిన నెలలో ఇచ్చిన చీటీ ఇది: "శుక్రవారం ఉపవాస కూడిక. శనివారం స్త్రీల సమాజం. ధనరాజు గారింట్లో గొడుగు మర్చిపోయాను, తెచ్చుకోవాలి." మూడూ బోర్డెక్కాయి. రెండ్రోజులు కనబడ్డవాడల్లా గొడుగు దొరికిందా అయ్యగారూ అని పలకరించాడు.

"అది నాకోసం రాసుకున్నదండీ జకరయ్య గారూ!"

"చీటీలో ఉందండయ్యగారూ."

గొడుగు మాత్రం దొరికింది. ఊళ్లో వాళ్లే తెచ్చిచ్చారు.

నిరుడు కలువలపాలెం నగర పంచాయతీ బహిరంగ ప్రకటనల మీద నియమాలు చేసింది. రోడ్డు మలుపు కనపడకుండా ఏదీ కట్టరాదు. కరెంటు స్తంభాలకు వేలాడదీయరాదు. సొంత గోడ మీదైనా, సొంత స్థలంలోనైనా పన్నెండు చదరపు అడుగుల వరకు బోర్డు పెట్టుకోవచ్చు, అంతకు మించితే అనుమతి తీసుకోవాలి. ఇంతవరకు ఎవరూ తప్పుపట్టేది లేదు. ఫ్లెక్సీ అడ్డమై లారీ కనబడక రెండుసార్లు స్కూటర్లు పడ్డ సెంటరది. అయితే కింద మినహాయింపులున్నాయి: మతపరమైనవి, శుభాకాంక్షలు, సంతాపాలు. వాటికి కొలతా లేదు, అనుమతీ లేదు. అంటే కలువలపాలెంలో పెద్దక్షరాలతో కనబడాలంటే మనిషి పుట్టాలి, లేదా పోవాలి. ఈ రెంటికీ మధ్య బతుకుతూ నోరు విప్పేవాడికి మాత్రం పన్నెండడుగులు.

ఈ నియమాలు ప్రజలకు తెలియజేయడానికి సెంటర్లో ముప్పై అడుగుల ఫ్లెక్సీ కట్టారు. అందులో నియమాలు అడుగున ఒక వరస. మిగతాదంతా ఊరికి శుభాకాంక్షలు చెబుతున్న కాంతారావు. ఆయన ఛైర్‌పర్సన్ దుర్గ గారి భర్త. దుర్గ గారి బొమ్మ కూడా ఉంది, పైన మూలగా, తపాలా బిళ్లంత. ఊరు గెలిపించింది ఆవిడనే. ఆ సంగతి ఊరితోపాటు ఆవిడా మర్చిపోయింది.

మాఘమాసంలో ఒక బుధవారం కల్పన చీటీ తెచ్చింది. నాలుగో వార్డులో జాకెట్లు కుట్టే మనిషి, చర్చిలో పాటలు పాడుతుంది. చీటీలో ఇలా ఉంది: "నాలుగో వార్డులో కుళాయి నీళ్లు పచ్చగా, మురుగు వాసనతో వస్తున్నాయి. మా హనోకుతో కలిపి ఏడుగురు పిల్లలకు విరేచనాలు. దయచేసి ప్రార్థించండి. కల్పన, నాలుగో వార్డు."

"ఆఫీసులో చెప్పారామ్మా?"

"మూడుసార్లు చెప్పానండి. కాచుకుని తాగమన్నారు. మురుగు కాస్తే ఏమవుద్ది మావయ్యా, వేడి మురుగవుద్ది."

జకరయ్య రాశాడు. పక్కన తేదీ వేశాడు. ప్రార్థన మనవి ఎక్కిందంటే, ఇచ్చినవాళ్లు తీరిందని మరో చీటీ ఇచ్చేదాకా దిగదు. వారంలో ఏడుగురు పదకొండుమంది అయ్యారు. కల్పన కొత్త చీటీ ఇచ్చింది. అంకె మారింది. బస్సు కోసం నిలబడ్డవాళ్లు ఉదయమే ఆ అంకె చూసి ఒకరికొకరు చెప్పుకోవడం మొదలైంది.

ఆ పై శుక్రవారం కాంతారావు పుట్టినరోజు. జిల్లా పెద్దలు వస్తున్నారు, వచ్చేది ఆ దారినే. సోమవారం పొద్దున శ్రీహరి టేపు పట్టుకుని దిగాడు. టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజరు. ఊళ్లో ఏ గోడ ఎంత ముందుకొచ్చిందో తెలిసినవాడు, ఎవరి గోడ దగ్గర టేపు తియ్యకూడదో అంతకంటే బాగా తెలిసినవాడు.

"జకరయ్య గారూ, ఈ బోర్డుకి పర్మిషనుందా అండి?"

"మత బోర్డులకి అక్కర్లేదని మీరే రాశారు కదండీ."

"మతమైతే అక్కర్లేదు. ఇందులో కుళాయి ఉంది."

"ఉందండి."

"కుళాయి మతం కిందికి రాదు."

"ప్రార్థన వస్తుందా అండి?"

"వస్తుంది."

"కుళాయి గురించిన ప్రార్థన?"

శ్రీహరి టేపు మడిచి జేబులో పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. "చూడండి, మోకాళ్ల నొప్పి అని రాశారు, బానే ఉంది. వీసా అని రాశారు, బానే ఉంది. కుళాయంటే పరిపాలనండి."

"మీకు పెట్టిన అర్జీ కాదు కదండీ ఇది. దేవుడికి పెట్టుకున్నాం. ఆయన ఇంతవరకు నోటీసేమీ పంపలేదు."

బస్సు కోసం నిలబడ్డవాళ్లలో ఎవరో పకపకా నవ్వారు. శ్రీహరి ముఖం ఎర్రబడింది. "సరే, ఆ నాలుగు వరసలూ చెరిపెయ్యండి. అంతే."

"చీటీ ఇవ్వండి, ఇప్పుడే చెరిపేస్తాను."

"నేను చెప్తున్నాను కదండీ!"

"చెవితో విన్నది చెయ్యనండి. ఏ వరస, ఎందుకు చెరపాలో రాసి, కింద పేరు పెట్టివ్వండి. మీ అయ్యగారికైనా, మా అయ్యగారికైనా అదే పద్ధతి."

శ్రీహరి ఆఫీసుకెళ్లి కమిషనరును అడిగాడు. నోటితో చెప్పమన్నాడు. మేనేజరును అడిగాడు. నోటితో చెప్పమన్నాడు. మన దగ్గర నోళ్లు మూయించే పనంతా నోటితోనే నడుస్తుంది. కాగితం మీద పెట్టమంటే ఎవరి జేబులోనూ కలం ఉండదు. ఏం రాస్తారు పాపం? పిల్లల కోసం ప్రార్థన చేయరాదని రాస్తారా?

కాగితం దొరక్క చర్చి మీద పడ్డారు. చర్చి వెనక కట్టదలచిన కమ్యూనిటీ హాలు ప్లాను ఏడాదిగా ఆఫీసులో ఉంది. మంగళవారం సాయంత్రం జీవన్ కుమార్ గారు జకరయ్య ఇంటికొచ్చారు. సీతమ్మ టీ ఇచ్చింది. ఆయన టీ తాగకుండా గ్లాసు తిప్పుతూ కూర్చున్నారు.

"జకరయ్య గారూ, హాలు లేక పెళ్లిళ్లకి ఎంత అవస్థ పడుతున్నామో మీకు తెలుసు."

"తెలుసండయ్యగారూ."

"ప్రార్థన మనం లోపల చేసుకుందాం. గట్టిగా చేసుకుందాం. బోర్డు మీద మాత్రం..."

"చీటీ ఇవ్వండయ్యగారూ. మీది సంఘం, మీ మాట కాదనను."

సీతమ్మ లోపల్నుంచి కాగితం, పెన్ను తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన పెన్ను తీసుకుని 'కల్పన గారి' అని రాశారు. అక్కడ ఆగారు. ఆ పిల్లలకు ఆదివారం బడిలో పాటలు నేర్పేది ఆయన భార్యే. చాలాసేపు ఆ రెండు మాటలే చూసి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"సంఘం కమిటీ ఊరుకోదండీ. మీ చేతిలోంచి సుద్దముక్క తీసుకుని ఇంకొకరికి ఇస్తామంటున్నారు."

జకరయ్యకు జీతం లేదు, పదవి లేదు. తెల్లారితే బల్ల తుడిచి తేదీ వెయ్యడం ఒకటే ఉంది. నలభై ఎనిమిదేళ్లుగా ఆ పని లేని పొద్దు ఆయన ఎరగడు.

పాస్టరు గారు వెళ్లాక సీతమ్మ అంది. "ఇస్తే ఇవ్వనీండి. ఆ కమిటీలో ఎవరి దస్తూరీ చూసినా కోడి గెలికినట్టుంటది. చదవలేక జనం మిమ్మల్నే తిట్టుకుంటారు."

బుధవారం కాంతారావే కారు దిగాడు. ఎన్నికల నెలలో జకరయ్య ఆయనకు బాబాయ్. మిగతా పదకొండు నెలలూ వట్టి జకరయ్య.

"ఏం జకరయ్యా, ముసలితనంలో రాజకీయాలా?"

"రాజకీయం కాదండి, విరేచనాలండి."

"చీటీ చీటీ అంటున్నావంట. ప్రభుత్వాన్నే చీటీ అడిగేంత మొనగాడివా?"

"గొడుక్కి కూడా చీటీ అడిగానండి."

కాంతారావుకు గొడుగు సంగతి తెలియదు. తెలిసుంటే ఆ తర్వాత పని చేసేవాడు కాదు. ఫోను తీసి, "శ్రీహరీ, ఈయనకి కాగితమే కావాలంట, కాగితమే కొట్టు! సంతకం నువ్వే పెట్టు, కమిషనర్ తరఫున అని పెట్టు. సాయంత్రానికల్లా అందాలి," అన్నాడు.

సాయంత్రానికల్లా అందింది. జకరయ్య కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. సంతకం ఉంది, తేదీ ఉంది, స్టాంపు ఉంది. ముప్పై ఏళ్లలో ఇంత పద్ధతైన చీటీ ఆయనకు రాలేదు. దానిలో చెప్పినట్టే కల్పన మనవి చెరిపేశాడు, ఒక్క చుక్క మిగలకుండా తడిగుడ్డతో తుడిచాడు. తర్వాత, వచ్చిన ప్రతి చీటీనీ ఎక్కించినట్టే దీన్నీ ఎక్కించాడు. గురువారం తెల్లారేసరికి బోర్డు మీద ఇది ఉంది:

"విషయం: చర్చి గేటు వద్ద బోర్డు. సూచిక: సదరు బోర్డుపై 'నాలుగో వార్డులో కుళాయి నీళ్లు పచ్చగా, మురుగు వాసనతో వస్తున్నాయి. మా హనోకుతో కలిపి పదకొండుమంది పిల్లలకు విరేచనాలు. దయచేసి ప్రార్థించండి' అని రాసియున్నట్లు ఈ కార్యాలయం దృష్టికి వచ్చినది. సదరు నీళ్ల విషయము ఈ కార్యాలయమునకు రెండు నెలల నుండి తెలిసియే యున్నందున, దానిని బోర్డుపై రాయవలసిన అవసరము లేదని, వెంటనే తొలగించవలెనని ఉత్తర్వు. కమిషనర్ తరఫున, శ్రీహరి, టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజర్."

స్టాంపు గుండ్రంగా ఉంది కనక సుద్దతో గుండ్రంగా వేసి, అందులో అక్షరాలూ చుట్టూ తిప్పి రాశాడు.

కల్పన రాస్తే కల్పన మాట. ఇప్పుడది సర్కారు మాట అయి కూర్చుంది. బందరు బస్సు డ్రైవరు బండి ఆపి, ప్రయాణికులకు పెద్దగా చదివి వినిపించి మరీ బయల్దేరాడు. "రెండు నెలల నుంచి తెలుసంటండీ!" అన్న మాట మధ్యాహ్నానికి కూరగాయల బజారు దాటింది. శుక్రవారం వచ్చిన జిల్లా పెద్ద కారు అద్దం దించి మొత్తం చదివాడు. శాలువా కప్పించుకుంటున్న కాంతారావును, "ఏంటయ్యా, పిల్లలకి విరేచనాలంట?" అని అడిగాడు. ఫొటోలో అందరూ నవ్వుతున్నారు, కాంతారావు తప్ప.

"ఎవడు రాయమన్నాడు దీన్ని?" అని అరిచాడు ఆయన తర్వాత.

"మీరేనండి, కాగితం కొట్టమంది," అన్నాడు శ్రీహరి. ఆ ఉద్యోగంలో అతను ఆడిన మొదటి ఎదురుమాట అదే.

సోమవారం శ్రీహరి మళ్లీ వచ్చాడు. ఈసారి టేపుతోపాటు నియమాల పుస్తకం కూడా తెచ్చాడు. గొంతు తగ్గించి చెప్పాడు.

"జకరయ్య గారూ, ఇక మాటల జోలికి రామండి. మాటల మీద మాకు నియమం లేదని పైనుంచి గడ్డి పెట్టారు. కొలత మీద ఉంది. మత బోర్డు అయితే ఎంతైనా ఉండొచ్చు. మీరు కుళాయి రాస్తానంటే ఇది మామూలు బోర్డు. పన్నెండడుగులు దాటకూడదు. ఇది ఇరవై నాలుగు."

"అంటే కుళాయి తీసేస్తే ఇరవై నాలుగూ ఉంచుకోవచ్చు. కుళాయి ఉంచితే సగం పోవాలి. అంతేనా అండి?"

"అంతేనండి."

"ఇది మాటల జోలికి రాకపోవడమా బాబూ?"

శ్రీహరి చెప్పులకేసి చూశాడు. జకరయ్య బల్లకేసి చూశాడు. ఎనిమిదో తరగతి బల్ల. కింద కుడిమూలలో ఎవడో కుర్రాడు ముప్పై ఏళ్ల కింద మేకుతో గీసిన చేప బొమ్మ ఇంకా ఉంది. ఎన్ని రంగులు వేసినా పోలేదు. బడి మొత్తంలో ఆయనకు మిగిలింది ఆ ముక్కే. దేవుడి మాటలే రాసుకుంటే చెక్కు చెదరదు, సుద్దముక్క ఆయన చేతిలోనే ఉంటుంది, కమిటీ నోరెత్తదు, హాలు వస్తుంది. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుని కదలకపోతే సీతమ్మ, "ఏవండీ, చెయ్యెండిపోతోంది," అంది. అప్పుడు తిన్నాడు.

మర్నాడు పొద్దున ధనరాజు గారింట్లో రంపం అడిగి తెచ్చాడు. బల్లను గొట్టాల మీంచి విప్పి, అరుగుల మీద అడ్డంగా పెట్టి, సరిగ్గా మూడడుగుల దగ్గర తనే సుద్దతో గీత గీశాడు. టేకు గట్టిది. చెమటలు కారుతున్నాయి. చూస్తూ నిలబడ్డ శ్రీహరి ఆఖరికి ఉండబట్టలేక అవతలి కొస పట్టుకున్నాడు. పొడి రాలింది. చేప బొమ్మ ఉన్న ముక్క అటు పడింది.

గేటు దగ్గర ఇప్పుడు మూడడుగులు, నాలుగడుగులు. పన్నెండు. శ్రీహరి కొలిచి సరిపోయిందన్నాడు. కల్పన మళ్లీ చీటీ ఇచ్చింది. చోటు తగ్గింది కనక అక్షరాలు చిన్నవి చేశాడు. బస్టాపులోంచి కనబడక జనం రోడ్డు దాటొచ్చి, గేటు దగ్గర గుంపుగా నిలబడి చదవడం మొదలుపెట్టారు.

"ఆ రెండో ముక్కేం చేస్తావు మావయ్యా?" అంది కల్పన.

"అదీ పన్నెండే కదమ్మా."

"నా గోడ నాదే కదా?"

నియమాల పుస్తకం ప్రకారం ఆవిడ గోడ ఆవిడదే. సాయంత్రానికల్లా చేప బొమ్మ ఉన్న బల్ల నాలుగో వార్డు కుళాయికి ఎదురుగా కల్పన గోడకెక్కింది. ఒక్క బోర్డుంటేనే ఓర్వలేక కోయించిన నగర పంచాయతీ ఊళ్లో రెండు బోర్డులు, రెండూ చట్టబద్ధమైనవి, నిలబెట్టింది. కమిటీ ఇంకా కూర్చోలేదు. ఎప్పుడు కూర్చుంటుందో, సుద్దముక్క ఎవరికిస్తుందో తెలియదు. హాలు ప్లాను ఆఫీసులోనే ఉంది. సెంటర్లో కాంతారావు ముప్పై అడుగులూ చెక్కు చెదరకుండా ఉన్నాడు, శుభాకాంక్షలు కనక.

నాలుగు రోజుల తర్వాత, చర్చి గంట కొట్టే వేళకి, శ్రీహరి స్కూటరు ఆపాడు. టేపు లేదు. జేబులోంచి మడిచిన కాగితం తీశాడు.

"మాదీ నాలుగో వార్డే అండి. అద్దె ఇల్లు. మా పాప అక్షితకి మొన్నట్నుంచి..." అని ఆగాడు. "మేము మీ మతం కాదు. రాస్తారా?"

"విరేచనాలకి మతమేంటి బాబూ. ఇవ్వండి."

జకరయ్య చదివి, వెనక్కి ఇచ్చాడు. "పేరు లేదండి."

"పేరు పెడితే నా ఉద్యోగం..."

"మీ ఇష్టం. పేరు లేకపోతే మాత్రం నేను రాయను."

శ్రీహరి రోడ్డు అటూ ఇటూ చూశాడు. గుడివాడ బస్సు వచ్చి జనాన్ని దింపి వెళ్లింది. కాగితాన్ని స్కూటరు సీటు మీద పెట్టి, అలవాటు కొద్దీ 'కమిషనర్ తరఫున' అని రాశాడు. ఒక నిమిషం చూసి, దానికి అడ్డంగా గీత కొట్టి, కింద తన పేరు, వార్డు రాశాడు.

జకరయ్య కొత్త సుద్దముక్క విరిచాడు. అడుగున నాలుగు వరసలకు చోటుంది. చీటీలో ఉన్నది ఉన్నట్టు, ఒక్క అక్షరం వదలకుండా రాశాడు. కమిషనర్ తరఫున అన్నదీ రాశాడు, దాని మీద ఆ గీతా కొట్టాడు. దాని కింద, కొంచెం పెద్దగా: శ్రీహరి, నాలుగో వార్డు.